సిక్కోలు తీరంలో తాబేళ్లు, తిమింగలాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరి నుంచి మే దాకా మా ఊరి హేచరీ (తాబేలు గుడ్లను కాపాడి పొదిగించే చోటు) దగ్గరకు రోజూ ఎవరో ఒకరు వస్తారు. బడి పిల్లలు, పలాస జీడిపప్పు కొట్లవాళ్లు, సెలవులకొచ్చిన హైదరాబాద్ చుట్టాలు, పక్క ఊరి బోటువాళ్లు. మనుషులు మారినా అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి రాసిపెట్టాను. నేను జంతుశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. కొన్నేళ్లుగా సీజన్ పొడుగునా రాత్రిళ్లు ఇసుకలో నడుస్తున్నాను, అంతే.

మన తీరానికి వచ్చే తాబేలు ఏ రకం? ఎప్పుడొస్తుంది?

దాదాపు అన్నీ ఆలివ్ రిడ్లీ తాబేళ్లే. డిప్ప రెండడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, బరువు 35 నుంచి 50 కిలోల దాకా. నవంబరులో లోతు నీళ్లలోంచి తీరం దగ్గరికి చేరి జత కడతాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆడ తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో కుండలాంటి గొయ్యి తవ్వి 100 నుంచి 120 గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కి చూడదు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు పైకొస్తాయి.

మగ తాబేలు పుట్టిన రోజు నీళ్లలోకి వెళ్తే మళ్లీ దాదాపు ఎప్పుడూ నేల తొక్కదు. ఒడ్డున మీరు చూసే ప్రతి పెద్ద తాబేలూ, బతికున్నదైతే, తల్లే అనుకోవచ్చు.

ఒడిశాలో లక్షల్లో వస్తాయట, మనకెందుకు ఒకటీ అరా?

ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా. అక్కడి రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్లు ఒకేసారి మూకుమ్మడిగా ఒడ్డెక్కుతాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ దాదాపు ఏడు లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయని లెక్క తేల్చారు. ఆ చోటు సంగతి పరిశోధకులకు తెలిసింది 1994లోనే. పైన కేంద్రపడా జిల్లాలో గహీర్‌మఠ కూడా అలాంటి చోటే. కొన్నేళ్లు అక్కడా మూక రాదు, ఎందుకో ఎవరూ గట్టిగా చెప్పలేరు.

మన దగ్గర జరిగేది విడివిడిగా గుడ్లు పెట్టడం. డొంకూరు నుంచి బారువ, భావనపాడు, కళింగపట్నం మీదుగా విజయనగరం జిల్లా చింతపల్లి, కోనాడ, ముక్కాం దాకా ఎక్కడైనా ఎక్కుతాయి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం, విజయనగరానికి 28. అంత పొడుగునా చెదిరి ఉండటం వల్ల ఇక్కడి గూళ్లను కాయడం మూకుమ్మడి చోటును కాయడం కంటే కష్టం. అక్కడ నాలుగు కిలోమీటర్లకు కంచె వేస్తే పని అయిపోతుంది. ఇక్కడ ప్రతి ఊరికీ రాత్రి నడిచే మనిషి ఒకడు కావాలి.

గుడ్లు పెట్టేటప్పుడు చూడొచ్చా?

చూడొచ్చు గానీ పద్ధతి ఉంది. తాబేలు నీళ్లలోంచి బయటకొచ్చి గొయ్యి తవ్వేదాకా మహా బెదురు. టార్చి వేస్తే, మనిషి అడ్డం వస్తే వెనక్కి తిరిగి పోతుంది. గుడ్లు జారడం మొదలయ్యాక అంతగా పట్టించుకోదు. అప్పుడు వెనక వైపు నుంచి, తోకకు ఆరడుగుల దూరంలో కింద కూర్చుని చూడాలి. ఫ్లాష్ కొట్టకూడదు. సెల్ఫీల మాట తలపెట్టకూడదు.

మొన్న ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండింటికి ట్రాక్టరు టైరు అచ్చులాంటి జాడ కనిపించింది. జాడ పైకి వెళ్లింది కానీ తిరిగి దిగలేదు. అంటే తాబేలు ఇంకా పైనే ఉంది. మొగలి పొద పక్కన ఇసుక ఎగురుతున్న చప్పుడు. నాతో వచ్చిన టీచరమ్మ గొణిగింది, "ఏడుస్తోందండీ" అని. నిజమే, కంట్లోంచి జిగురుగా నీరు కారుతోంది, దానికి ఇసుక అంటుకుని ఉంది. అది పురిటి నొప్పి కన్నీరు కాదు. తాబేలు తాగేది ఉప్పునీరు, ఒంట్లో ఎక్కువైన ఉప్పును కంటి దగ్గరి గ్రంథి బయటకు తోస్తుంది. నీళ్లలో ఉన్నప్పుడూ అంతే, మనకు కనపడదు. ఈ మాట చెబితే టీచరమ్మ కాస్త నిరాశ పడింది. గుడ్లు కప్పాక తాబేలు డిప్పతో ఇసుక మీద దబదబా కొట్టి గట్టిపరిచింది. రోలు కింద నేల అదిరినట్టు కాళ్లకు తెలిసింది. అప్పుడామె ఏడుపు సంగతి మర్చిపోయింది.

గుడ్లు తీసి హేచరీలో ఎందుకు పెడతారు? ఉన్నచోటే వదిలేయొచ్చుగా?

వదిలేయగలిగితే వదిలేయడమే మంచిది. హేచరీ అనేది మందులాంటిది, ఆరోగ్యంగా ఉన్నవాడికి మందెందుకు? కానీ మా తీరంలో కుక్కలు, నక్కలు ఒక్క రాత్రిలో గూడు ఖాళీ చేస్తాయి. కొన్నిచోట్ల పోటు నీళ్లు గూటి మీదికి వచ్చేస్తాయి. అలాంటి గూళ్లనే మారుస్తాం.

మార్చడంలో ఒక మెలిక ఉంది. గుడ్డు పెట్టిన కొన్ని గంటల్లోనే లోపలి పిండం పెంకు లోపలి పొరకు అతుక్కోవడం మొదలెడుతుంది. ఆ తర్వాత గుడ్డును తిప్పినా కుదిపినా పిండం చచ్చిపోతుంది. అందుకే తెల్లారేలోపే, గుడ్డు ఏ వైపు పైకుందో ఆ వైపే పైకుండేలా, బకెట్లో తడి ఇసుక వేసి మోస్తాం. మోటారు సైకిల్ మీద గుంతల్లో గెంతిస్తూ తెచ్చిన గుడ్లు సరిగ్గా పొదగవు. మొదటి ఏడాది మేం చేసిన తప్పు అదే. కొత్తగా తవ్విన గొయ్యి కూడా తల్లి తవ్విన లోతులోనే, మూతి సన్నగా అడుగు వెడల్పుగా ఉండాలి. పక్కన పుల్ల గుచ్చి తేదీ, గుడ్ల లెక్క, దొరికిన చోటు రాసి కడతాం. పిల్లలొచ్చే రోజులు దగ్గర పడితే పైన వెదురు గంప బోర్లిస్తాం.

ఇంకొక సంగతి. తాబేలు పిల్ల ఆడా మగా అనేది గూటిలో ఉన్న వేడిని బట్టి తేలుతుంది. 29, 30 డిగ్రీల దగ్గర అటూ ఇటూ మొగ్గుతుంది. ఇంకా వేడైతే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. హేచరీ మొత్తం ఎండలో పెడితే అన్నీ ఆడపిల్లలే పుట్టొచ్చు. మొత్తం సరుగుడు తోట నీడలో పెడితే మగవే. అందుకే సగం మీద కొబ్బరి మట్టల పందిరి వేస్తాం, సగం వదిలేస్తాం. థర్మామీటర్ లేని రోజుల్లో ఇది అంచనా పని. ఇప్పుడు ఒకటి కొన్నాం, రోజూ రెండు పూటలా నోట్ చేస్తున్నాం.

పిల్లల్ని సముద్రంలో వదిలేటప్పుడు రావచ్చా? మా పాప చేత్తో నీళ్లలో వేస్తుంది.

రండి, పాపనూ తీసుకురండి. చేత్తో నీళ్లలో వేయడం మాత్రం వద్దు. పిల్ల తాబేలు ఇసుక మీద తనంతట తానే నడవాలి. వెలుతురున్న దిక్కుకు, అంటే రాత్రిపూట మెరిసే నీటి దిక్కుకు అది పాకుతుంది. పెద్దయ్యాక తన తీరాన్ని మళ్లీ వెతుక్కోవడానికి అక్కడి భూ అయస్కాంత క్షేత్రపు గుర్తు దానికి పనికొస్తుందని పరిశోధకుల అంచనా. ఈ నడక అందులో భాగమే. ఇక పట్టపగలు, అతిథి గారు రావడం లేటైందని పదింటికి వదలడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. కాకులు, గద్దలు కాచుకుని ఉంటాయి, ఇసుక కాలిపోతుంటుంది. సాయంత్రం పొద్దుగూకాక లేదా తెల్లవారుజామున వదలాలి. ఫొటో సరిగ్గా రాదు. రాకపోతేనేం.

వెయ్యింటికి ఒకటే బతుకుతుందంటారు. మరి ఇంత శ్రమ దండగే కదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నేను లెక్క తిప్పి చెబుతాను. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుందనుకుంటే, ఒక పెద్ద తాబేలు వలలో చచ్చిపోతే దాని లోటు పూడ్చడానికి మేం ఎన్ని గూళ్లు కాపాడాలి? దాదాపు పది. అది కూడా పదీ పదిహేనేళ్లు ఆగాక. ఎందుకంటే పిల్ల పెరిగి గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి అంత కాలం పడుతుంది. పేపర్లో పిల్లల్ని వదిలే ఫొటో వస్తుంది. అదే వారం అదే ఒడ్డున కొట్టుకొచ్చిన తల్లుల లెక్క రాదు. నేను హేచరీ మనిషిని, అయినా చెబుతున్నాను: మా పని రెండోది. మొదటి పని సముద్రంలో ఉంది.

ఒడ్డున చచ్చిన తాబేళ్లు ఎందుకు కొట్టుకొస్తాయి?

చాలా వాటికి ఒంటి మీద గాయం కూడా ఉండదు. అందుకే "ఏదో రోగం", "సముద్రంలో విషం" అంటారు. తాబేలుకు చేపలా మొప్పలు లేవు. ఊపిరి కోసం పైకి రావాల్సిందే. ట్రాలు వలను సముద్రం అడుగున గంటల తరబడి ఈడుస్తుంటే లోపల పడిన తాబేలు పైకి రాలేక ఉక్కిరిబిక్కిరై చస్తుంది. వల ఎత్తాక బోటువాళ్లు దాన్ని నీళ్లలోకి విసిరేస్తారు. ఉబ్బి తేలి, గాలికి మూడు నాలుగు రోజులకు ఒడ్డు చేరుతుంది. తేలకుండా మునిగిపోయేవి, ఒడ్డు చేరకుండా వేరే దిక్కుకు పోయేవి లెక్కలోకే రావు. ఒడ్డున కనిపించేవి చచ్చినవాటిలో కొన్నే. 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల వందల కొద్దీ కొట్టుకొచ్చినప్పుడు దేశమంతా మాట్లాడింది. మన తీరాన ప్రతి జనవరిలోనూ ఇది జరుగుతూనే ఉంటుంది.

ఇందులో మన జిల్లాల మత్స్యకారుల మీద నిష్ఠూరం వేయడం అన్యాయం. మా ఊళ్లలో ఎక్కువ మందివి తెప్పలు, ఇంజను పెట్టిన ఫైబర్ పడవలు. చేపల హార్బరు లేక, పని దొరక్క మా కుర్రాళ్లు గుజరాత్ వేరావల్ దాకా కూలికి పోతారు. 2018లో అలా వెళ్లినవాళ్లే పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరిలో తిరిగొచ్చారు. మా నీళ్లలో రాత్రిళ్లు ఈడ్చే పెద్ద ట్రాలర్లు ఎక్కువగా బయటివి. మర బోట్లు తీరానికి 8 కిలోమీటర్ల లోపలికి రాకూడదని రాష్ట్రంలో నిబంధన ఉంది. వాటి లైట్లు మా ఊరి ఒడ్డు నుంచి లెక్కపెట్టొచ్చు, అంత దగ్గర. చిన్న పడవవాడి వలను కూడా అవే చింపుతాయి. తాబేలుకూ మావాడికీ శత్రువు ఒకటే అని చెప్పడానికి నాకు భయం లేదు.

మరి ఏప్రిల్‌లో వేట నిషేధం ఉందిగా?

ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలానికి పెట్టింది. తల్లి తాబేళ్లు తీరంలో తిరిగేది అంతకు ముందు, డిసెంబరు నుంచి మార్చి దాకా. నిషేధం మొదలయ్యేసరికి చచ్చేవి చచ్చిపోయి ఉంటాయి. ఒడిశాలో ధామ్రా, దేవి, రుషికుల్య మొగల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపల చేపల వేట నిషేధం. రుషికుల్యకు పోయే తాబేలు మన నీళ్ల మీదుగా పోతుంది, సరిహద్దు రాయి దానికి తెలియదు.

మన తీరమంతా ఏడు నెలలు మూసేయమని నేను అనను. తినేదేమిటి? తాబేళ్లు ఎక్కువగా గుమిగూడే చోట్లు మత్స్యకారులకు వేళ్ల మీద తెలుసు. ఆ చోట్లలో, ఆ రెండు మూడు నెలలు, ట్రాలర్లను మాత్రం ఆపితే చాలావరకు సరిపోతుంది.

టెడ్ అంటే ఏమిటి?

వల సంచికి ముందు ఏటవాలుగా బిగించే ఇనుప కడ్డీల చట్రం. రొయ్య, చేప కడ్డీల సందులోంచి వెనక్కి పోతాయి. తాబేలు కడ్డీలకు తగిలి, పైనో కిందో ఉన్న తలుపులాంటి సందులోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గ నమూనా తయారుచేసింది. దాని కేంద్రం విశాఖలోనూ ఉంది. ట్రాలర్లకు ఇది తప్పనిసరి. కానీ బోటు హార్బరులో ఉన్నప్పుడు వలకు ఉంటుంది, సముద్రంలోకి వెళ్లాక తీసి పక్కన పెడతారు. పెద్ద చేప కూడా సందులోంచి పోతుందని వాళ్ల బాధ. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

దీనికి ఇంకొక కోణం ఉంది, డబ్బు కోణం. వలల్లో తాబేళ్లకు రక్షణ లేదన్న కారణంతో అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యల్ని కొనడం ఆపేసింది. చెరువు రొయ్యకు ఆ అడ్డు లేదు. తాబేలు పేరు చెబితే నవ్వేసే బోటు యజమాని ఈ మాట చెబితే కాస్త ఆగి వింటాడు.

మా వలలో తాబేలు పడితే ఏం చేయాలి? వల తెగితే ఎవరిస్తారు?

ఈ రెండో ముక్క అడిగింది మా ఊరి పెద్దాయన ఒకరు. "తాంబేలికి పిల్లలున్నట్టే మాకూ ఉన్నారు గదా బాబూ. వల తెగ్గోస్తే మళ్లీ ఎవులిస్తారు?" నా దగ్గర జవాబు లేదు, తల దించుకున్నాను. మహారాష్ట్రలో 2018 చివర నుంచి, రక్షిత జీవిని విడిపించడానికి వల కోసుకున్న మత్స్యకారుడికి 25 వేల దాకా పరిహారం ఇస్తున్నారు. వల కోసేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే చాలు. నా లెక్కలో ఇక్కడ హేచరీల కంటే ముందు రావాల్సింది అదే.

ఇక మొదటి ముక్క. తాబేలు చురుగ్గా ఉంటే మెల్లగా నీళ్లలోకి దించండి, ఎత్తి విసరొద్దు. కదలకుండా పడి ఉంటే చచ్చిందనుకుని వెంటనే పారేయకండి. మునిగి స్పృహ తప్పిన తాబేలు అలాగే ఉంటుంది. బోర్లా పడుకోబెట్టి వెనక భాగం కింద జానెడు ఎత్తు పెట్టండి, ఊపిరితిత్తుల్లో నీరు నోట్లోంచి కారుతుంది. నీడలో ఉంచి తడి గోనె కప్పండి. కొన్ని గంటల్లో, ఒక్కోసారి మర్నాటికి తేరుకుంటుంది. స్పృహ లేనిదాన్ని నీళ్లలో వేస్తే మాత్రం ఖాయంగా పోతుంది. మా కుర్రాడొకడు ఇలాగే మధ్యాహ్నం దాకా పడవలో ఉంచాడు. అది ఉన్నట్టుండి రెక్క కొట్టేసరికి వాడి సద్దన్నం డబ్బా సముద్రంలో పడింది.

గుడ్లు తింటే తప్పేమిటి, మా తాతలు తిన్నారు.

తిన్నారు. మా తాతా తిన్నాడు. ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు (గట్టి రక్షణ ఉన్న జాబితా) జీవి అది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా.

చచ్చిన తాబేలు కనిపిస్తే?

పూడ్చేముందు కొలవండి. ఇది నేను అందరినీ బతిమాలే మాట. చచ్చిన జంతువు చివరిసారిగా చెప్పగలిగేది ఆ కొలతల్లోనే ఉంటుంది. డిప్ప పొడవు, వెడల్పు టేపుతో. తోక డిప్ప దాటి పొడుగ్గా ఉంటే మగది, కురచగా ఉంటే ఆడది. మెడకు తాడు గుర్తు ఉందా, రెక్కకు లోహపు బిళ్ళ ఉందా చూడండి. బిళ్ళ ఉంటే దాని మీది అంకెలు ఫొటో తీయండి. ఒడిశాలో 2021లో బిళ్ళ వేసిన తాబేలు ఒకటి 2025 జనవరిలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరం తాబేలు పడమటి తీరానికి వెళ్తుందని ఆ చిన్న బిళ్ళ వల్లే తేలింది.

కొలిచాక డిప్ప మీద ఎర్ర పెయింటు గీత గీస్తాం. మళ్లీ ఎవరైనా అదే తాబేలును లెక్కపెట్టకుండా. మా మూల గదిలో నోటుపుస్తకాలు ఉన్నాయి, గీతల లెక్కతో నిండినవి. ఏ పేజీలోనైనా జనవరి లెక్క మిగతా నెలలకంటే ఎక్కువే ఉంటుంది.

మన సముద్రంలో తిమింగలాలు ఉన్నాయా?

ఉన్నాయి. బంగాళాఖాతంలో బ్రైడ్స్ తిమింగలం, స్పెర్మ్ తిమింగలం, నీలి తిమింగలం తిరుగుతాయి. డాల్ఫిన్లయితే మావాళ్లు పడవ ముందు గెంతుతుండగా తరచూ చూస్తారు. మనకు తిమింగలం గురించి తెలిసేది మాత్రం ఎక్కువగా అది చచ్చి ఒడ్డుకొచ్చినప్పుడే. 2023 జులైలో సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి సుమారు 25 అడుగుల తిమింగలం కొట్టుకొచ్చింది. నీలి తిమింగలమని పేపర్లు రాశాయి. జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. "ఎంత పెద్దదో" అన్నారందరూ. నాకు మాత్రం వేరే సంగతి తోచింది. నీలి తిమింగలం పుట్టినప్పుడే 23 నుంచి 27 అడుగులు ఉంటుంది, పెరిగితే 80 దాటుతుంది. అది నీలి తిమింగలమే అయితే అందరూ ఎక్కి ఫొటోలు దిగింది పాలు తాగే పసిదాని మీద.

అలాంటప్పుడు జాతి తేల్చడానికి కావాల్సినవి నాలుగు ఫొటోలు: నోరు, గొంతు కింది మడతలు, వీపు మీది రెక్క, తోక. నోట్లో పళ్ళున్నాయా, జల్లెడ కుచ్చుల్లాంటివి ఉన్నాయా అనేది మొదటి తేడా. పొడవు పై దవడ కొన నుంచి తోక మధ్య నొక్కు దాకా తిన్నగా కొలవాలి, ఒంటి వంపు మీదుగా కాదు. విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం వాళ్లు ఇలాంటి వివరాలు తీసుకుంటారు. దేశవ్యాప్తంగా సముద్ర క్షీరదాల సమాచారం పోగుచేసే పరిశోధకుల బృందమూ ఉంది. ఉబ్బిన కళేబరానికి దూరంగా ఉండండి, కడుపు పగిలితే మనిషి మీద పడుతుంది.

బతికున్న డాల్ఫినో తిమింగలమో ఒడ్డెక్కితే?

తోక పట్టి లాగకండి, వెన్ను విరుగుతుంది. అది చేప కాదు, నడినెత్తిన ఉన్న రంధ్రంతో గాలి పీలుస్తుంది. ఆ రంధ్రంలో నీళ్లు పోసి చంపిన మంచివాళ్లున్నారు. రంధ్రం వదిలేసి మిగతా ఒంటి మీద తడి గుడ్డ కప్పండి, నీడ పట్టండి, జనాన్ని దూరం పెట్టండి, అటవీశాఖకు ఫోన్ చేయండి. బీట్ ఆఫీసరు నంబరు ముందే ఫోన్‌లో ఉండాలి, ఆ రోజు వెతుక్కుంటే దొరకదు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి సందర్భాలకు మార్గదర్శకాలు విడుదల చేసింది. సముద్ర తాబేళ్ల జాతీయ కార్యాచరణ ప్రణాళిక కూడా అప్పుడే వచ్చింది.

వేల్ షార్క్ తిమింగలమేనా?

కాదు, అది సొర. ఒంటి నిండా తెల్ల చుక్కలు, ప్రపంచంలోకెల్లా పెద్ద చేప, తినేది నలుసంత జీవుల్ని. 2001 నుంచి మొదటి షెడ్యూలులో ఉంది. వేరావల్‌లో పనిచేసి వచ్చిన మా కుర్రాళ్లకు దీని గురించి నాకంటే ఎక్కువ తెలుసు. ఒకప్పుడు అక్కడ దీన్ని కాలేయం నూనె కోసం వేటాడేవారు. 2004లో మొదలైన ప్రచారంలో పుట్టింటికి వచ్చే కూతురితో పోల్చి 'వహాలీ' అని పేరు పెట్టారు. కోసిన వలకు పరిహారం ఇచ్చారు. అదే మత్స్యకారులు వందల సంఖ్యలో వాటిని వదిలారు. కూతురు మాట ఒక్కటే పనిచేసిందని కొందరంటారు. మా కుర్రాళ్లు నవ్వి, "కూతురూ గావాల, వల డబ్బులూ గావాల" అంటారు.

ఒడ్డున దొరికిన మైనంలాంటి ముద్ద అంబర్‌గ్రిస్ అట, కోట్లు పలుకుతుందట?

స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారయ్యేది అది. మన దేశంలో దగ్గర ఉంచుకున్నా, అమ్మినా నేరం. దొరికితే అటవీశాఖకు అప్పగించండి. సగం సార్లు అది బోటు గ్రీజు గడ్డో, పాత పారఫిన్ ముద్దో అవుతుంది.

మన దగ్గర సాల్మన్ ఉందా? మార్కెట్లో 'ఇండియన్ సాల్మన్' అమ్ముతున్నారు.

అది మాగ. రుచిలో దేనికీ తీసిపోదు కానీ సాల్మన్‌తో దానికి చుట్టరికం లేదు. అసలు సాల్మన్ ఉత్తర అట్లాంటిక్, పసిఫిక్ చల్లని నీళ్లది. మాగలో ఒక విచిత్రం ఉంది: చిన్నప్పుడు మగది, పెరిగాక ఆడదవుతుంది. కాబట్టి పెద్ద మాగలన్నీ పట్టేస్తే మిగిలేవి మగవే, చిన్నవి పట్టేస్తే ఆడవయ్యేవి ఉండవు.

సాల్మన్ కథతో పోల్చదగ్గది మనకు పులస. రెండూ సముద్రంలో పెరిగి, గుడ్లకు నదిలోకి ఎదురీదుతాయి. సాల్మన్ తాను పుట్టిన వాగును నీటి వాసనతో గుర్తుపడుతుంది. అమెరికా, కెనడా పడమటి తీరంలో ఓర్కా తిమింగలాల గుంపు ఒకటి ప్రధానంగా చినూక్ సాల్మన్ మీదే బతుకుతుంది. నది మీద ఆనకట్ట పడితే ఆకలి సముద్రంలోని ఓర్కాకు తగులుతుంది. అక్కడ ఎల్వా నది మీది రెండు ఆనకట్టలను 2011, 2014 మధ్య కూల్చేశారు, సాల్మన్ పైకి పోవడానికి.

ఇక్కడ కూల్చమని ఎవరూ అనరు. వంశధార మీద గొట్టా, నాగావళి మీద తోటపల్లి, నారాయణపురం మన తిండిగింజలు. గోదావరిలో పులస ధవళేశ్వరం దగ్గరే ఆగిపోతుంది. కానీ ఎండాకాలం మొగలోకి చుక్క మంచినీరు రాక, ఇసుక మేట వేసి మొగ మూసుకుపోతే, లోపల పెరగాల్సిన చేప పిల్లలకు, రొయ్య పిల్లలకు దారి ఉండదు. నదిలో నీళ్లు 'సముద్రంలోకి వృథాగా పోతున్నాయి' అనే మాట విన్నప్పుడల్లా మా మొగ దగ్గర వల వేసేవాడికి ఒళ్లు మండుతుంది.

తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచే వస్తాయా?

బస్సులో అందరూ అలాగే చెబుతారు. చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు మన ఉపఖండంలోనే తిరిగేవి. సైబీరియా వైపు నుంచి వచ్చేవి నౌపడా ఉప్పు మడుల్లో పరుగులు తీసే చిన్న ఉల్లంకి పిట్టలు, వాటిని ఎవరూ పట్టించుకోరు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చేవి వేరే, ఓపెన్‌బిల్ కొంగలు, వానాకాలంలో. రెండు ఊళ్లకూ తిండి పెట్టేది తంపర, బీల అనే చిత్తడి భూములే. అవి పూడిపోతే చింతచెట్టు ఉన్నా కొంగ రాదు.

శ్రీకూర్మం గుడిలో తాబేళ్లు ఇవేనా?

కావు. అవి నక్షత్ర తాబేళ్లు, నేల మీద బతికేవి. సముద్రంలో వేస్తే మునిగిపోతాయి. భక్తితో అలా చేయబోయిన వాళ్లను ఆపాం కాబట్టే రాస్తున్నాను.

పోర్టు, రిసార్టులు వస్తే తాబేళ్ల సంగతి?

మూలపేట పోర్టు కట్టొద్దని చెప్పే స్థాయి నాది కాదు, పని దొరుకుతుందని మా ఊళ్లో సగం మంది ఎదురుచూస్తున్నారు కూడా. లైట్ల సంగతి మాత్రం చెప్పగలను. ఒడ్డు వైపు తెల్ల ఫ్లడ్‌లైటు ఉంటే పిల్లలు సముద్రాన్ని వదిలి లైటు వైపు పాకుతాయి. ఒక ఏడాది ఒక విడిది లైట్ల కింద, పార్కింగ్ రాళ్ల మధ్య, తెల్లారేసరికి ఎండిపోయిన పిల్లల్ని చేటలోకి ఏరాం. లైటు కిందికి వంచి, రేకు మూత పెట్టి, సీజన్‌లో పసుపు బల్బు వేస్తే ఖర్చు ఎంత? ఆ మేనేజరుకు నాలుగుసార్లు చెప్పాక వేశాడు. భోగాపురం వైపు తీరంలో కొత్తగా కట్టేవాళ్లు ముందే వేసుకుంటే చెప్పించుకోనక్కర్లేదు.

రాత్రి నడకకు రావాలంటే ఏం తెచ్చుకోవాలి?

టార్చికి ఎర్ర జిలుగు కాగితం రెండు మడతలు చుట్టుకురండి. ముదురు రంగు బట్టలు, తాగేనీళ్లు. సెంటు వద్దు, కుక్క వద్దు. పదింటికి బయల్దేరితే ఆరేడు కిలోమీటర్లు పోయి రావాలి, చాలా రాత్రిళ్లు ఏమీ కనపడదు, అది ముందే తెలుసుకుని రండి. అలల అంచున తడి ఇసుకలో నడవండి, పొడి ఇసుకలో నడిస్తే అరగంటకే పిక్కలు పట్టేస్తాయి. నోటుపుస్తకం మోసేవాళ్లకు తిరిగొచ్చాక మొదటి టీ. కొట్టు నాలుగున్నరకు తెరుస్తారు.